కంట్లో లెన్స్ పెడితే చాలా?



శుక్లాల ఆపరేషన్లకు విరాళం ఇచ్చే దాతలు మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఒకటి, "ఒక కంటికి ఎంత ఖర్చవుతుంది?" రెండోది, "పేదవాళ్ళు కదా అని చవకరకం లెన్స్ వేయడం లేదు కదా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఇచ్చిన డబ్బు సరైన చోట ఖర్చయిందో లేదో తెలుసుకోవడం దాతల హక్కు. అయితే వీటితో పాటు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ లెన్స్ ఆ మనిషి కంటికి సరిపోయేదేనా, అది ఉండవలసిన చోట సరిగ్గా కూర్చుందా అన్నదే ఆ ప్రశ్న. ఆపరేషన్ తరువాత వచ్చే చూపు లెన్స్ ధర కంటే ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది. ఎందుకో ఈ వ్యాసంలో వీలైనంత తేలిక మాటల్లో వివరిస్తాము.

కన్ను లోపల జరిగేది

మన కంటిలోకి వచ్చే వెలుగును వంచి, వెనుకనున్న రెటీనా అనే తెర మీద చేర్చే పని రెండు భాగాలు చేస్తాయి. మొదటిది కంటి ముందుభాగంలో ఉండే పారదర్శకమైన పొర. దీన్ని కార్నియా అంటారు. రెండోది కంటిపాప వెనుక ఉండే సహజమైన కటకం. వెలుగును వంచే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. కళ్ళద్దాల చీటీ మీద "పవర్" అని రాసేది ఈ లెక్కలోనే. కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లు. అందులో దాదాపు 43 కార్నియాది. మిగిలిన భాగాన్ని కటకం సమకూరుస్తుంది.

ఈ కటకం ఒక పలుచని సంచిలో ఉంటుంది. సంచి చుట్టూ సన్నని దారాల వంటి తంతువులు ఉండి, గుడారాన్ని తాళ్ళు నలువైపులా లాగి నిలబెట్టినట్టు, దాన్ని నడిమధ్యలో నిలబెడతాయి. వయసు పైబడిన కొద్దీ కటకం మసకబారుతుంది. దీన్నే మనం శుక్లం అంటాము, ఉర్దూలో మోతియాబింద్ అంటారు. ఆపరేషన్‌లో డాక్టరు సంచి ముందుగోడకు గుండ్రని కిటికీ చేసి, మసకబారిన కటకాన్ని తీసివేసి, ఖాళీ అయిన అదే సంచిలో కృత్రిమ లెన్స్ అమరుస్తారు. ఈ లెన్స్ మధ్యభాగం సుమారు 6 మి.మీ. వెడల్పు ఉంటుంది. దానికి రెండు పక్కలా వంపు తిరిగిన సన్నని కాళ్ళు ఉంటాయి. అవి సంచి గోడలకు ఆనుకుని లెన్స్‌ను కదలకుండా పట్టి ఉంచుతాయి.

సోడాబుడ్డి అద్దాల నుంచి నేటి దాకా

శుక్లాన్ని తీయడం కొత్త విద్య కాదు. సుమారు వెయ్యేళ్ళ క్రితమే, మోసుల్ నగరానికి చెందిన అమ్మార్ బిన్ అలీ అల్ మౌసిలీ అనే కంటి వైద్యుడు బోలు సూదితో శుక్లాన్ని పీల్చి తీసే పద్ధతిని తన గ్రంథంలో వివరించారు. తీయడం తెలిసినా, తీసిన చోట మరో కటకాన్ని పెట్టడం మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా సాధ్యం కాలేదు.

అందుకే ఒకప్పుడు ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవారు. కంట్లో లేని కటకానికి బదులు ప్లస్ 10 డయాప్టర్లు, ఆ చుట్టుపక్కల ఉండే అద్దం ముక్కు మీద మోయవలసి వచ్చేది. దానిలోంచి ప్రతి వస్తువూ పావు వంతు, అంతకు మించి కూడా పెద్దదిగా, ఉన్నచోటి కంటే దగ్గరగా కనబడేది. మెట్టు ఎక్కడుందో తెలియక కాలు తడబడేది. పక్కచూపు సరిగా ఆనేది కాదు. అద్దం పగిలిన రోజున చూపు కూడా పోయినట్టే అయ్యేది.

1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మనిషి కంట్లో తొలిసారిగా కృత్రిమ లెన్స్ అమర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల పారదర్శకమైన పైకప్పులు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో దిగాయి. కన్ను ఆ ముక్కలను భరిస్తోందని ఆయన గమనించారు. పీఎంఎంఏ అనే ఆ రకం ప్లాస్టిక్‌తోనే లెన్స్ చేయించారు. కన్ను లెన్స్‌ను భరించింది. కానీ ఆ తొలి రోగికి ఆపరేషన్ తరువాత దాదాపు మైనస్ 18 డయాప్టర్ల పవర్ మిగిలింది. ఆ కంటికి కావలసిన దానికంటే ఎంతో బలమైన లెన్స్ పడిందన్నమాట. లెన్స్ పెట్టడం ఒక పని, ఆ కంటికి తగిన లెన్స్ పెట్టడం మరో పని అని అప్పుడే తేలిపోయింది.

మన దేశంలో 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. 1990ల మధ్యలో ప్రపంచ బ్యాంకు సాయంతో శుక్లాల అంధత్వాన్ని తగ్గించే పథకం 7 రాష్ట్రాల్లో నడిచింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1992లో మదురైలోని అరవింద్ సంస్థ ఆరోలాబ్ పేరుతో లెన్సుల తయారీ ప్రారంభించింది. విదేశాల నుంచి తెప్పించే లెన్స్ ధరలో చిన్న భాగానికే మంచి లెన్స్ దొరకడం మొదలైంది. ఈ మార్పులన్నిటి వల్ల లెన్స్ పేదవాడికి కూడా అందే వస్తువైంది. ఇక మనం శ్రద్ధ పెట్టవలసింది ఆ లెన్స్ ఎంత బాగా పనిచేస్తున్నదన్న దాని మీద.

కొలత తప్పితే చూపు తప్పుతుంది

అందరి కాళ్ళకూ ఒకే సైజు చెప్పులు పట్టనట్టే, అందరి కళ్ళకూ ఒకే పవర్ లెన్స్ పనికిరాదు. లెన్సులు సాధారణంగా అర డయాప్టరు తేడాతో వరుస పవర్లలో దొరుకుతాయి. ఎవరికి ఏది తగునో లెక్కకట్టడానికి ముఖ్యంగా రెండు కొలతలు కావాలి. ఒకటి కంటి పొడవు, రెండోది కార్నియా వంపు. ఈ కొలతల పరీక్షనే బయోమెట్రీ అంటారు.

పెద్దవారి కన్ను ముందు నుంచి వెనుకకు సగటున 23 నుంచి 24 మి.మీ. పొడవు ఉంటుంది. ఈ కొలతలో కేవలం 1 మి.మీ. తేడా వస్తే, చివరికి కంటి పవర్‌లో రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా వస్తుంది. మైనస్ వైపు తప్పితే ఆ మనిషికి చేతిలోని వస్తువు కనబడుతుంది గానీ బస్సు బోర్డు కనబడదు. ప్లస్ వైపు తప్పితే దూరమూ మసకే, దగ్గర మరింత మసక.

పొడవు కొలవడానికి చాలాచోట్ల ఏ-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ యంత్రం వాడతారు. దాని మొనను నేరుగా కార్నియాకు ఆనించి కొలిచేటప్పుడు కాస్త గట్టిగా నొక్కినా కన్ను అణిగి పొడవు తక్కువగా చూపుతుంది. పొట్టి కన్ను అనుకుని బలమైన లెన్స్ ఎంచుతారు. ఫలితంగా మైనస్ పవర్ మిగులుతుంది. దీనికి విరుగుడుగా కంటి మీద చిన్న కప్పు పెట్టి, అందులో ద్రవం నింపి, మొన కార్నియాను తాకకుండా కొలిచే పద్ధతి ఉంది. కాంతితో కొలిచే యంత్రాలు మరింత కచ్చితమైనవి. అవి కంటిని అసలు తాకవు. కానీ శుక్లం బాగా ముదిరి తెల్లబడిన కళ్ళలోకి వాటి కాంతి దూరలేదు. ఆలస్యంగా వైద్యానికి వచ్చే పేదవారిలో ఇలాంటి కళ్ళు తరచుగా కనబడతాయి. అక్కడ మళ్ళీ అల్ట్రాసౌండే దిక్కు. అందుచేత యంత్రంతో పాటు దాన్ని ఓపికగా, జాగ్రత్తగా వాడే టెక్నీషియన్ కూడా ఉండాలి.

కొలత సరిగ్గా ఉన్నా, లెక్క చెప్పిన పవర్ లెన్స్ ఆ రోజు ఆపరేషన్ గదిలో ఉండాలి. మధ్యరకం పవర్ లెన్సులే తెచ్చి అందరికీ వాటితోనే సరిపెడితే, సగటు కన్ను ఉన్నవారు బాగుపడతారు. పొడవైన కన్ను, పొట్టి కన్ను ఉన్నవారు నష్టపోతారు. శిబిరానికి లెన్సులు విరాళంగా ఇచ్చేవారు అన్ని పవర్లవీ ఉండేలా చూడమని అడగడం మంచిది.

లెన్స్ నిర్మాణంలో తేడాలు

ఇక లెన్స్ సంగతి. గట్టి పీఎంఎంఏ లెన్స్ మడవడానికి వీలుకాదు. అది లోపలికి వెళ్ళాలంటే దాదాపు 6 మి.మీ. దారి కావాలి. మడత లెన్స్ 2.2 నుంచి 3 మి.మీ. సన్నని కోత ద్వారా వెళ్ళి లోపల విచ్చుకుంటుంది. కోత పెద్దదైతే కార్నియా వంపు కాస్త మారి సిలిండర్ పవర్ మిగిలే అవకాశం ఎక్కువ. అయినా చేయి తిరిగిన డాక్టరు కుట్టు అవసరం లేని చిన్న కోత పద్ధతిలో గట్టి లెన్స్ పెట్టినా చక్కని చూపు వస్తుంది. గట్టి లెన్స్ అనగానే నాసిరకం అనుకోనవసరం లేదు.

లెన్స్ అంచు కూడా చాలా ముఖ్యం. ఆపరేషన్‌లో ఎంత శుభ్రం చేసినా సంచిలో కొన్ని కణాలు మిగులుతాయి. అవి నెలలు, సంవత్సరాల మీద లెన్స్ వెనుకకు పాకి సంచి వెనుకగోడను మసకబారుస్తాయి. "శుక్లం మళ్ళీ వచ్చింది" అని జనం అనుకునేది దీన్నే. నిజానికి శుక్లం మళ్ళీ రాదు. యాగ్ లేజర్ అనే చిన్న చికిత్సతో ఈ మసక పోతుంది. లెన్స్ వెనుక అంచు గుండ్రంగా కాక, పలక అంచులా నిటారుగా ఉంటే అది సంచి గోడకు గట్టిగా ఆని కణాలకు అడ్డుకట్ట వేస్తుంది. ఈ అంచు మడత లెన్సుల్లోనే కాదు, గట్టి లెన్సుల్లోనూ దొరుకుతుంది. పట్నంలో ఉండేవారికి లేజర్ చికిత్స పెద్ద పని కాదు. కూలి మానుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని దూరం ప్రయాణించవలసిన వృద్ధురాలికి అది పెద్ద భారమే. ఆమె ఆ ప్రయాణం చేయకపోతే, వచ్చిన చూపు మళ్ళీ పోతుంది. కాబట్టి పేదవారికి వేసే లెన్స్‌లో మొదట చూడవలసింది ఈ అంచునే.

"ఆస్ఫెరిక్" అనే పేరు కూడా దాతలు వినే ఉంటారు. కార్నియా అంచుల గుండా వచ్చే వెలుగు మధ్యలోంచి వచ్చే వెలుగు కంటే కాస్త ఎక్కువ వంగుతుంది. పడుచు వయసులో సహజమైన కటకం ఈ తేడాను చాలావరకు సరిచేస్తుంది. మామూలు గోళాకారపు లెన్స్ ఆ తేడాను ఇంకొంచెం పెంచుతుంది. ఆస్ఫెరిక్ లెన్స్ వంపును ఈ తేడా తగ్గేలా మలుస్తారు. పగటి వెలుగులో కంటిపాప చిన్నదిగా ఉంటుంది గనుక తేడా తెలియదు. ఫజర్ నమాజుకు చీకటిలో మసీదుకు నడిచేటప్పుడు, రాత్రివేళ బండి నడిపేటప్పుడు కంటిపాప విచ్చుకుంటుంది. అప్పుడు గోడకు, నీడకు మధ్య తేడా ఈ లెన్స్‌తో కాస్త స్పష్టంగా తెలుస్తుంది.

నడిమధ్యలో, నిటారుగా

ఏ లెన్స్ అయినా దాని గుణం చూపాలంటే కంటిపాపకు ఎదురుగా, నడిమధ్యలో, పక్కకు వాలకుండా ఉండాలి. సంచికి చేసే కిటికీ గుండ్రంగా, లెన్స్ కంటే కాస్త చిన్నదిగా, 5 నుంచి 5.5 మి.మీ. ఉంటే, దాని అంచు లెన్స్ అంచును చుట్టూ సమానంగా కప్పి పట్టుకుంటుంది. కిటికీ ఒక పక్కకు చిరిగినా, లెన్స్ కాలు ఒకటి సంచిలో, మరొకటి సంచి బయట పడినా, రోజులు గడిచేకొద్దీ లెన్స్ ఒక వైపుకు జరుగుతుంది. పాత దెబ్బల వల్ల గానీ, కొన్ని కంటి జబ్బుల వల్ల గానీ తంతువులు బలహీనమైన కళ్ళలో సంచే వాలిపోతుంది.

లెన్స్ వాలితే దీపపు చుక్క తోకచుక్కలా సాగి కనబడుతుంది. కంటి పరీక్షలో అక్షరాలు చదివినా, రోగి మాత్రం "ఏదో బాగాలేదు" అంటూనే ఉంటాడు. లెన్స్ సంచిలో కాక సంచికి ముందు కూర్చుంటే పవర్ కూడా మారిపోతుంది. అందుకే అలా పెట్టక తప్పనప్పుడు డాక్టర్లు అర నుంచి ఒక డయాప్టరు తక్కువ పవర్ లెన్స్ ఎంచుకుంటారు.

ఇక్కడ దాతలు గమనించవలసిన విషయం ఒకటుంది. మామూలు ఏకదృష్టి లెన్స్, అంటే ఒకే దూరానికి పవర్ ఉన్న మోనోఫోకల్ లెన్స్, కొద్దిపాటి జరుగుడును భరిస్తుంది. ఆస్ఫెరిక్ లెన్స్ అర మిల్లీమీటరు పక్కకు జరిగితే దాని ప్రత్యేక లాభం చాలావరకు పోతుంది. లెన్స్ ఖరీదు పెరిగేకొద్దీ అమరికలో జాగ్రత్త కూడా పెరగాలి.

టోరిక్ లెన్స్, గడియారం లెక్క

ఈ మాట టోరిక్ లెన్స్ విషయంలో మరీ నిజం. కొందరి కార్నియా బంతిలా అన్ని వైపులా ఒకే వంపుతో ఉండదు. కోడిగుడ్డు పక్కభాగంలా ఒక దిశలో ఎక్కువ, మరో దిశలో తక్కువ వంగి ఉంటుంది. దీన్ని సరిచేసేదే సిలిండర్ పవర్. కళ్ళద్దాల చీటీలో దాని పక్కనే యాక్సిస్ అని డిగ్రీలు రాస్తారు. టోరిక్ లెన్స్‌లో ఈ సిలిండర్ పవర్ కూడా ఉంటుంది. కాబట్టి లెన్స్‌ను సరైన కోణంలో తిప్పి పెట్టాలి.

ఆ కోణం 1 డిగ్రీ తప్పితే సిలిండర్ సవరణలో సుమారు 3 శాతం పోతుంది. 10 డిగ్రీలు తప్పితే మూడో వంతు పోతుంది. 30 డిగ్రీలు తప్పితే సిలిండర్ సవరణ లాభమంతా పోయినట్టే. అంతకు మించితే ముందున్న దానికంటే ఎక్కువ సిలిండర్ మిగులుతుంది. గడియారంలో ఒక నిమిషం 6 డిగ్రీలు. రెండు నిమిషాల గీతల కంటే తక్కువ తేడాకే ఖర్చులో మూడో వంతు వృథా అన్నమాట.

పడుకున్నప్పుడు కన్ను గుంటలో కొద్దిగా తిరుగుతుంది. అందుకే రోగిని నిటారుగా కూర్చోబెట్టి ముందే కంటి మీద గుర్తులు పెట్టాలి. ఆపరేషన్‌లో వాడిన జిగురు ద్రవాన్ని లెన్స్ వెనుక నుంచి కూడా పూర్తిగా తీసేయాలి. లేకపోతే మొదటి గంటల్లోనే లెన్స్ జారి తిరగవచ్చు. ఇవన్నీ చేయగల చోట, తగినంత సిలిండర్ ఉన్న కంటికి టోరిక్ లెన్స్ మేలు చేస్తుంది. చేయలేని చోట మామూలు లెన్స్ వేసి, తరువాత కళ్ళద్దాలు ఇవ్వడమే క్షేమం.

మల్టీఫోకల్ అందరికీ మేలేనా?

"మా అమ్మగారికి వేయించిన ఖరీదైన లెన్సే పేదవారికీ వేయించండి, ఖర్చు మేము భరిస్తాము" అని అడిగే మంచి మనసున్న దాతలున్నారు. వారు ఒక్కటి తెలుసుకోవాలి. మల్టీఫోకల్ లెన్స్ లోపలికి వచ్చిన వెలుగును దూరానికి కొంత, దగ్గరకు కొంత పంచుతుంది. కళ్ళద్దాల అవసరం తగ్గుతుంది. దానికి బదులుగా మసక వెలుతురులో స్పష్టత కొంత తగ్గుతుంది, రాత్రి వాహనాల దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు. లెన్స్ పక్కకు జరిగినా, పవర్ లెక్క కాస్త తప్పినా ఇబ్బంది రెట్టింపవుతుంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, గ్లకోమా ముదిరినవారికి సాధారణంగా దీన్ని సిఫారసు చేయరు.

మోనోఫోకల్ లెన్స్ దూరపు చూపుకు అమర్చితే దగ్గర పనికి కళ్ళద్దాలు కావాలి. సాధారణంగా ప్లస్ రెండున్నర డయాప్టర్ల దాకా అవసరమవుతుంది. ఖుర్ఆన్ పారాయణం చేసే తాతకు, జరీ పనో కుట్టుపనో చేసే అమ్మకు ఆ కళ్ళద్దాలు లేకపోతే ఆపరేషన్ సగమే అయినట్టు. చాలా తక్కువ ఖర్చుతో అయ్యే ఈ పనిని మరచిపోయే ప్రమాదం ఎక్కువ.

మన విరాళం ఎక్కడ పడాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, శుక్లం ఆపరేషన్ తరువాత తగిన కళ్ళద్దాలతో కనీసం 90 శాతం కళ్ళకు 6/18 లేదా అంతకు మెరుగైన చూపు రావాలి. 6/18 అంటే మామూలు కన్ను 18 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఇంకో అడుగు ముందుకు వేసి, 2030 నాటికి సాధించవలసిన లక్ష్యాన్ని ఆపరేషన్ల సంఖ్యతో కాక, ఆపరేషన్ అయ్యి మంచి చూపు కూడా వచ్చినవారి లెక్కతో పెట్టింది.

దాతలుగా మనం కూడా ఇదే లెక్క పట్టుకోవాలని మా విన్నపం. ఏ ఆసుపత్రితో కలిసి పనిచేసినా, ఏ శిబిరానికి విరాళం ఇచ్చినా ఈ ప్రశ్నలు అడగండి. ప్రతి కంటికీ విడిగా బయోమెట్రీ చేస్తున్నారా? అన్ని పవర్ల లెన్సులు సిద్ధంగా ఉంటాయా? లెన్స్ అంచు నిటారు రకమేనా? లెన్స్ పవర్, రకం రాసిన స్టిక్కర్‌ను రోగి కార్డు మీద అంటించి ఇస్తున్నారా? నెలా నెలన్నర తరువాత మళ్ళీ పిలిచి చూపు పరీక్షించి, కళ్ళద్దాలు ఇస్తున్నారా? ఎంతమందికి ఎంత చూపు వచ్చిందో రాసిపెడుతున్నారా?

పేదవారికి మంచి లెన్స్ వేయాలన్న మీ కోరిక సబబైనదే. మన దేశంలో తయారైన, నిటారు అంచు ఉన్న మోనోఫోకల్ లెన్స్‌ను సరిగ్గా కొలిచి, సంచిలో నడిమధ్యన అమర్చి, ఆ తరువాత కళ్ళద్దాలు ఇస్తే అది మంచి లెన్సే. ఖరీదైన లెన్స్ కోసం కేటాయించాలనుకున్న అదనపు సొమ్ముతో ఒక బయోమెట్రీ యంత్రానికి వాటా ఇవ్వవచ్చు, టెక్నీషియన్ శిక్షణకు సాయపడవచ్చు, రెండోసారి పరీక్షకు వచ్చేవారి బస్సు ఛార్జీలు భరించవచ్చు. వీటికి ఫలకం మీద పేరు చెక్కించుకునే అవకాశం తక్కువ. అయినా మీ విరాళంతో ఆపరేషన్ చేయించుకున్న మనిషి మరొకరి చేయి పట్టుకోకుండా మసీదు మెట్లు దిగగలడా లేదా అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంది.